బయటికి తెరుచుకునే తలుపు

దుబాయ్ శివారు అల్ ఖూజ్‌లోని కంపెనీ క్యాంపులో కొత్తగా దిగినవాడెవడైనా సరే, మొదటి శుక్రవారం కృపానందాన్ని తిట్టుకోకుండా ఉండలేడు. వారమంతా ఎండలో మాడి, సెలవు నాడైనా కంటినిండా నిద్రపోదామని ముసుగు తన్నినవాడి చెవి పక్కనే సుత్తి మోత మొదలవుతుంది. లేచి చూస్తే గదికి తలుపుండదు. కృపానందం దాన్ని ఊడదీసి వరండాలో పడుకోబెట్టి, మడతబందులు విప్పి, ద్వారబంధానికి అవతలి వైపు ఉలితో గాడి కొడుతుంటాడు. సాయంత్రానికల్లా లోపలికి తెరుచుకునే తలుపు కాస్తా బయటికి తెరుచుకునే తలుపైపోతుంది.

ఇది ఎనభై నాలుగు, ఎనభై అయిదు నాటి మాట. ముదీర్, అంటే క్యాంపు మేనేజరు, మొదట్లో కేకలేశాడు. దుమ్ముగాలి లేస్తే రెక్కలు విరిగిపోతాయన్నాడు. వరండాలో నడిచేవాడి మొహం పగులుతుందన్నాడు. అవన్నీ నిజాలే. కృపానందం బుద్ధిగా విని, తలూపి, తరవాతి శుక్రవారం ఇంకో గది తలుపు విప్పాడు. పనిలో వంక పెట్టడానికి లేని మనిషి, పైగా నోట్లో నాలుక లేనివాడు. అలాంటివాడితో ఎంతకని పోట్లాడతారు? చివరికి ముదీరే విసిగిపోయి, "ఖలాస్, వాడి జోలికి పోకండి" అని వదిలేశాడు.

క్యాంపులో అతనికి పిచ్చి వడ్రంగి అని పేరు. ఒకరికి పిచ్చి అని పేరు పెట్టేస్తే ఇక వాళ్ళ గురించి ఆలోచించే పని తప్పుతుంది కదా, అందుకే ఆ పేరు అందరికీ హాయిగా ఉంది. అతను సెలవు మీద ఊరికి కూడా వెళ్ళడు. ఎందుకు వెళ్ళడో, తలుపులంటే ఆ పట్టుదల ఏమిటో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకడు నెల్లూరు మనిషి, ఫోర్‌మన్ ఖాదర్ హుస్సేన్. ఇంకొకడు కృపానందం బావమరిది పెద్దిరాజు. ఊరందరి సంగతులూ నోరారా చెప్పే ఆ ఇద్దరూ ఈ ఒక్క సంగతి వస్తే మాత్రం లేచి వెళ్ళిపోతారు.

కృపానందం పుట్టింది దివిసీమలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న చిన్న పల్లెలో. మిషన్ వాళ్ళ బడిలో వడ్రంగం నేర్చుకున్నాడు. పని నేర్పిన మేస్త్రి తలుపు బిగించేటప్పుడల్లా ఒకే మాట చెప్పేవాడు. "గుమ్మంలోకి వచ్చినోణ్ణి వెనక్కి నెట్టకూడదురా. తలుపు లోపలికి జరిగి వాడికి దారియ్యాల." మన వైపు ఏ ఇంటికైనా అంతే కదా. గుడిసె అయినా, మేడ అయినా తలుపు లోపలికే తెరుచుకుంటుంది. ఇంకోలా తెరుచుకునే తలుపు ఒకటి ఉంటుందన్న ఊహ కూడా కృపానందానికి లేదు.

మాణిక్యమ్మను చేసుకున్నాక అతని ఇంటికి సందడి వచ్చింది. ఆమె నవ్వితే పక్కవీధికి వినిపించేది. ఇతను పది మాటలు మాట్లాడవలసిన చోట ఒకటి మాట్లాడితే మిగతా తొమ్మిదీ ఆమె అందుకునేది. ఇద్దరికీ అది బాగానే కుదిరింది. పిల్లలు ఇంకా కలగలేదు.

దుబాయ్ వీసా చేతికొచ్చినప్పుడు దేవుడికి కృతజ్ఞతగా ఏదైనా ఇవ్వాలని అన్నది మాణిక్యమ్మే. ఊళ్ళో అందరూ గుడి అని పిలిచే చర్చి అప్పుడే కొత్తగా లేచింది. ఇటుక గోడలు, పెంకుల కప్పు, కిటికీలకి ఇనప చువ్వలు. తాటాకు ఇళ్ళ మధ్య గట్టి కట్టడాలంటే ఆ గుడీ, దాని ఎదురుగా మెట్లున్న స్కూలు డాబా, అంతే. గుడికి తలుపుల్లేక తడిక అడ్డం పెట్టేవారు. కృపానందం బయల్దేరే ముందు రోజులన్నీ ఆ గుడికే ఇచ్చేశాడు. టేకు చెక్క తెచ్చి రెండు రెక్కల తలుపు చేశాడు. రెక్కల మీద ద్రాక్షతీగ చెక్కాడు. మనిషి చెయ్యంత లావు అడ్డగడియ పెట్టాడు. ప్రతిష్ఠ రోజున పాస్టరు గారు ప్రార్థన చేసి, "ముందు నువ్వే తొయ్యమ్మా" అన్నారు. మాణిక్యమ్మ రెండు అరచేతులూ ఆనించి తోసింది. అంత బరువైన తలుపూ కిర్రుమనకుండా లోపలికి జరిగింది. ఆమె వెనక్కి తిరిగి, జనంలో నిలబడ్డ మొగుణ్ణి వెతుక్కుని నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటూనే అతను విమానం ఎక్కాడు.

దుబాయ్‌లో మొదటి ఉద్యోగం డేరా అనే పేటలో, క్రీకు అనే సముద్రపు పాయ గట్టుకు దగ్గరగా ఉన్న చెక్కపని వర్క్‌షాపులో. ఖాదర్ హుస్సేన్ అక్కడే పరిచయమయ్యాడు. నోరు తెరిస్తే గోల చేసే మనిషే కానీ, తన పళ్ళెంలోది పక్కవాడికి పెట్టకుండా ముద్ద ఎత్తేవాడు కాదు. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు.

డెబ్భై ఏడులో, ఎండలు తగ్గుతున్న రోజుల్లో, ఒక నార్వే ఇంజినీరు వర్క్‌షాపుకి వచ్చాడు. పేరు హాల్వర్. పోర్టు పనుల మీద వచ్చినవాడు. చేతిలో కొన్ని ఫొటోలున్నాయి. తాను పుట్టి పెరిగిన పట్నంలో, తమ పేటలో ఉన్న చర్చి ఫొటోలవి. క్రిస్మస్‌కి ఇక్కడి నార్వే వాళ్ళంతా ఒకచోట చేరతారట. అప్పటికి ఆ చర్చిని చెక్కతో నడుమెత్తు నమూనాగా చేసివ్వాలి. లోపల బెంచీలు, స్తంభాలు అన్నీ ఉండాలి. పైకప్పు ఎత్తి లోపల చూసుకునేలా ఉండాలి. ఖాదర్ ఫొటోలు తీసుకొచ్చి కృపానందం ముందు పెట్టాడు.

కృపానందం వాటిని చాలాసేపు చూశాడు. సన్నగా, నిటారుగా ఆకాశంలోకి పోయే గోపురం. కొన తేలిన పొడుగాటి కిటికీలు. చుట్టూ నాలుగేసి అంతస్తుల ఇళ్ళు వరసగా ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు ఉన్నాయి. అన్నీ బాగున్నాయి గానీ గోడలు చూసి అతనికి జాలేసింది.

"పాపం, గోడలకి సున్నం కూడా ఎయ్యలేకపోయారు భాయ్. సొమ్ము చాలక మధ్యలో ఆగిపోయినట్టుంది. మనం చేసేదానికి తెల్లరంగు ఏసిద్దారి. ఆయన సంతోషపడతాడు."

ఖాదర్ ఆ మాటే ఇంజినీరుకి చెప్పాడు. హాల్వర్ పగలబడి నవ్వాడు. నవ్వాక, వీళ్ళు తీసి పారేసిన చెక్కపెట్టె మీద కూర్చుని ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. తమ వైపు పట్నాల్లో ఆ కాలం చర్చిలు చాలామటుకు అలాగే ఉంటాయట. ఎర్ర ఇటుకను పైకి కనపడనివ్వడమే దాని అందం. వందేళ్ళ కిందట ఏటి పక్కన మిల్లులు లేచాయి. పల్లెల నుంచి కూలిజనం వచ్చి పడ్డారు. వాళ్ళకోసం ఆ ఇళ్ళు కట్టారు, వాళ్ళకోసమే ఆ చర్చి కట్టారు. మిల్లు పొగగొట్టాల కన్నా ఎత్తుగా కనిపించాలని గోపురాన్ని అంత పైకి లేపారు. చలికాలంలో పగలు కాసేపే కాబట్టి ఆ కాస్త వెలుగూ వృథా పోకుండా పొడుగాటి కిటికీలు. మంచు నిలవకుండా జారిపోవాలని నిలువుగా వాలిన కప్పు. నేల మీద జనం పట్టక, లోపల మూడు వైపులా చెక్క స్తంభాల మీద మేడ. హాల్వర్ వాళ్ళ నాన్న మిల్లులో కూలి. ఆ మేడ మీద, ఎడమ వైపు బెంచీలో కూర్చునేవాడట.

కృపానందం నోరు తెరుచుకుని విన్నాడు. ఆ గుడిలో ఏదీ ఊరికే లేదు, ప్రతిదానికీ ఒక కారణం ఉంది. కూలివాళ్ళ గుడి అన్న మాట మరీ నచ్చింది. తనదీ అలాంటి గుడే కదా. ఆ రోజు నుంచి ఆ పని మీద అతనికి సొంతపని మీద ఉండే మోజు పుట్టింది.

గోపురం అయింది, కప్పు అయింది, లోపలి మేడకి స్తంభాలు నిలబెడుతున్నాడు. అప్పుడొచ్చింది ఉప్పెన.

నవంబరులో ఒకరోజు టీ వేళకి ఖాదర్ రేడియో పెట్టాడు. వార్తల్లో దివిసీమ అని వినిపించింది. ఖాదర్ చప్పున కృపానందం వైపు చూశాడు. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిందంటున్నారు. ఊళ్ళకి ఊళ్ళే లేవంటున్నారు. కృపానందం చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ వార్త అయిపోయి పాటలు మొదలయ్యాక కూడా అతను రేడియో వైపే చూస్తూ కూర్చున్నాడు.

టెలిగ్రాం ఇచ్చారు, జవాబు లేదు. తీగలే లేనిచోట జవాబెక్కడిది? ఊరికి పోదామంటే పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరుంది, కఫీల్ దేశంలో లేడు. ఖాదర్ తన పని మానుకుని అతన్ని వెంటబెట్టుకుని తిరిగాడు. బందరు ఆమె ఎవరో ఆస్పత్రిలో నర్సుగా ఉందంటే వెళ్ళారు. ఆమెకూ తన వాళ్ళ జాడ తెలియదు, వీళ్ళని చూడగానే ఆమే ఏడ్చింది. విమానంలో వచ్చిన పేపర్లు తెచ్చి చదివారు. అందులో ఫొటోలు చూశాక ఖాదర్ ఇక పేపర్లు తేవడం మానేశాడు. ఒకటే ఆశ మిగిలింది. బొంబాయిలో ఉన్న మాణిక్యమ్మ తమ్ముడు పెద్దిరాజు సంగతి తెలియగానే ఊరికి పరిగెత్తాడట. అతనికి కృపానందం ముందే వీసా ఏర్పాటు చేసి ఉంచాడు. క్రిస్మస్‌లోగా వచ్చి దిగుతాడని బొంబాయి నుంచి వచ్చిన ఒకతను చెప్పాడు. వాడొస్తే గానీ ఏదీ తెలియదు.

అప్పటిదాకా బతకడానికి మనిషికి ఏదో ఒకటి ఆసరా కావాలి. కృపానందం ఆ గుడిని పట్టుకున్నాడు.

"గాలి మొదలవ్వగానే అందరూ గుడిలోకే పోతారు భాయ్. ఇంకెక్కడికి పోతారు? ఇటుక గోడలు. నేను పెట్టిన తలుపులు. ఆ అడ్డగడియ ఏనుగు తోసినా ఇరగదు."

"అంతే, అంతే. నీ పనితనం నాకు తెలవదా? ఆ యమ్మ గుళ్ళోనే ఉంటాది. నువ్వు అన్నం తిను ముందు."

"తడికే ఉండుంటే భయపడాల. టేకు తలుపులు భాయ్. నీళ్ళు గూడా లోపలికి రావు."

ఖాదర్‌కి ఆ మాట మీద నమ్మకం లేదు. అయినా తలూపాడు. కృపానందం పొద్దస్తమానం ఒకే ప్రార్థన చేసేవాడు. చిత్రిక పడుతూ పెదవులు కదిపేవాడు. "ప్రభువా, దాన్ని గుడిలోకి చేర్చు. వాకిట్లో బట్టలకనీ, కోళ్ళకనీ ఆగకుండా గుడిలోకి చేర్చు. ఇంకేం అడగను." గాలిలో చీర కొంగు నడుముకు చుట్టుకుని, అందరినీ కేకలేసి పిలుస్తూ, మాణిక్యమ్మ ఆ తలుపు లోపలికి తోసుకుని వెళ్ళడం అతనికి కళ్ళకి కట్టినట్టు కనిపించేది. ఆ తరవాత తలుపు మూసి గడియ వేసుకునేది. అక్కడితో అతని ప్రాణం కాస్త కుదుటపడేది.

హాల్వర్ చర్చికి తలుపులు చేసేటప్పుడు అతనికి తెలియకుండానే చెయ్యి తన పాత పనిలోకి వెళ్ళిపోయింది. అరచెయ్యంత రెక్కలు రెండు. వాటి మీద అదే ద్రాక్షతీగ, ఊళ్ళో చెక్కినట్టే. ఫొటోలో ఉన్న తలుపుల మీద తీగలేవీ లేవు. ఖాదర్ అది చూసి కూడా తన పనిలో పడిపోయాడు. కృపానందం ఆ రెక్కల్ని బిగించి, వేలితో తోసి చూసుకున్నాడు. చప్పుడు లేకుండా లోపలికి జరిగాయి. ఉప్పెన వార్త విన్నాక అతని మొహంలో చిన్న నవ్వు కనిపించింది అప్పుడే.

హాల్వర్ చూడటానికి వచ్చాడు. కప్పు ఎత్తి లోపలికి తొంగిచూసి, మేడ మీద ఎడమ వైపు బెంచీని వేలితో ముట్టుకున్నాడు. ద్రాక్షతీగ కూడా బాగుందన్నాడు, ఉండనివ్వమన్నాడు. తరవాత వంగి తలుపు తోశాడు. తోసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది మాత్రం మార్చాలి. మా చర్చి తలుపులు బయటికి తెరుచుకుంటాయి."

కృపానందానికి ఇంగ్లీషు కొంత అర్థమవుతుంది. అర్థమైంది సరిగ్గా అర్థమైందో లేదోనని ఖాదర్ వైపు చూశాడు. ఖాదర్ చెప్పాడు. కృపానందం ఒప్పుకోలేదు.

"బయటికా? గుడికొచ్చినోణ్ణి నెట్టేసినట్టు ఉండదూ? ఎందుకంట?"

హాల్వర్ చెప్పడం మొదలుపెట్టాడు. ఖాదర్ ఒక్కో ముక్కా తెలుగులో అందించాడు. చాలా ఏళ్ళ కిందట వాళ్ళ దేశంలో ఒక పల్లె చర్చి ఉండేది. పండగ ఆదివారం, నిండా జనం. నిప్పంటుకుంది. తలుపులు లోపలికి తెరుచుకునేవి. జనమంతా ఒక్కసారి తలుపు మీద పడ్డారు. ముందున్నవాళ్ళు తలుపు లాగాలి, కానీ వెనకున్నవాళ్ళు తోస్తున్నారు. తలుపు లాగడానికి ముందున్నవాళ్ళకి వెనక్కి జరిగే చోటు లేదు.

అక్కడ ఖాదర్ ఆగిపోయాడు. హాల్వర్ చెబుతూనే ఉన్నాడు, ఖాదర్ మాత్రం తెలుగులో చెప్పడం లేదు. అతని కళ్ళు కృపానందం మీద ఉన్నాయి.

"చెప్పు భాయ్."

"ఏముండాదిలే. వాళ్ళ కానూను ఏదో చెప్తా ఉండాడు. దాని తరవాత నుంచి అన్ని చర్చిలకీ బయటికే పెట్టాలంట. అంతే."

"వాళ్ళేమయ్యారు?"

ఖాదర్ హాల్వర్ వైపు తిరిగి, తలుపులు మార్చి ఇస్తామన్నాడు. కృపానందానికి ఇంకేమీ చెప్పవలసిన అవసరం లేకపోయింది.

హాల్వర్ వెళ్ళిపోయాడు. పాపం, ఆయనకేం తెలుసు? చేతులు కలిపి, మెచ్చుకుని, నవ్వుతూ వెళ్ళిపోయాడు. కృపానందం ఆ చిన్న గుడి ముందు గొంతుకూర్చుని, తలుపుని వేలితో తోశాడు, లాగాడు. మళ్ళీ తోశాడు, లాగాడు. ఖాదర్ భుజం పట్టుకుని లేపబోతే లేవలేదు.

"నీళ్ళు లోపలికొస్తే ఏం చేత్తారు భాయ్ జనం? ఎదురుగా డాబా ఉంది కదా. డాబా ఎక్కుదారని బయటికి పరిగెత్తుతారు కదా?"

"నాకేం తెలుసయ్యా."

"కిటికీలకి చువ్వలున్నాయి."

"ఇంక ఆపు. అల్లా మీద భారం వెయ్యి."

ఆ రోజు నుంచి కృపానందం ప్రార్థన తిరగబడింది. అంతవరకు గుడిలోకి చేర్చు అని అడిగిన నోటితోనే, గుడిలోకి పోనివ్వకు అని అడగడం మొదలుపెట్టాడు. కోళ్ళకోసం ఆగిపోనివ్వు. బట్టలకోసం వెనక్కి పోనివ్వు. తాటిచెట్టు పట్టుకోనివ్వు, గడ్డివాము మీద తేలనివ్వు. ఎక్కడైనా ఉండనివ్వు గానీ ఆ తలుపు వెనక ఉండనివ్వకు. అడుగుతూ అడుగుతూ మధ్యలో ఒక అనుమానం వచ్చేది. ముందు తాను అన్ని రోజులు గట్టిగా అడిగిందే దేవుడు విని ఉంటే? అలాంటి ఆలోచన వచ్చినవాడికి అన్నం ఎలా దిగుతుంది? దిగేది కాదు. మొహం పీక్కుపోయింది. చిన్న రెక్కలు ఊడదీసి పక్కన పెట్టి, ఇంకో జత చేసి బయటికి తెరుచుకునేలా బిగించాడు. ఆ పని చేసేటప్పుడు ఉలి జారి బొటనవేలు తెగింది.

పెద్దిరాజు ఒక గురువారం దిగాడు. ఎయిర్‌పోర్టు బయట బావమరిదిని చూడగానే కృపానందానికి సగం తెలిసిపోయింది. వాడి నెత్తి మీద జుట్టు లేదు, కళ్ళు లోపలికి పోయాయి. ఇద్దరూ కౌగిలించుకున్నారు. గదికి వచ్చారు. ఖాదర్ టీ కాచి ఇచ్చి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"చెప్పరా."

"అక్క లేదు బావా."

కృపానందం తలూపాడు. ఏడవలేదు. ఇంకా ఒక మాట మిగిలి ఉందని అతనికి తెలుసు, అది విన్నాకే ఏడవాలి.

"ఎక్కడ?"

"గుళ్ళోనే బావా. గాలి మొదలవ్వగానే అక్కే అందర్నీ కేకేసి గుళ్ళోకి తోలుకుపోయిందంట. తలుపేసుకుని పాటలు పాడుకుంటా కూచున్నారంట. తరవాత కిటికీల్లోంచి నీళ్ళొచ్చినియ్యి. డాబా ఎక్కుదారని అందరూ ఒక్కసారే లేచారంట. దూలం ఎక్కినోళ్ళు కొంతమంది బతికారు, ఆళ్ళు చెప్పారు." పెద్దిరాజు ముక్కు తుడుచుకున్నాడు. "నేను పొయ్యేసరికి నీళ్ళు తీసినియ్యి. బయట నుంచి తోత్తే తలుపు కదల్లేదు బావా. పెంకులు తీసి లోపలికి దిగాం. గడియ తీసే ఉంది. అందరూ తలుపు దగ్గరే ఉన్నారు. అక్క అందరికన్నా ముందుంది. రెండు చేతులూ తలుపు మీదే ఉన్నాయి."

ఖాదర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. కృపానందం మాత్రం కదలకుండా చూస్తున్నాడు. బావకి ఏదైనా ఊరటగా చెప్పాలని పెద్దిరాజు దారి పొడుగునా అనుకుంటూ వచ్చినట్టున్నాడు. ఆ ఊరట మాట ఇప్పుడు బయటికి తీశాడు.

"నీ తలుపులు చెక్కుచెదర్లేదు బావా. గోడ ఓ పక్క కూలింది గానీ తలుపు కూల్లేదు. ఒక్క మేకు ఊడితే ఒట్టు. వచ్చిన ఆఫీసర్లు గూడా ఎవరు చేశారని అడిగారు. ఊరంతా నీ పేరే చెప్పుకుంటన్నారు. కొత్త గుడి కడితే మళ్ళీ ఆటినే పెట్టాలని పాస్టరు గారు కడిగించి దాపెట్టారు. ఎట్టున్నయ్యో అట్టాగే పెడతారంట, సాక్ష్యంగా."

కృపానందం లేచాడు. బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. చెప్పుల్లేకుండానే వీధిలోకి నడిచాడు. పెద్దిరాజుకి ఏమీ అర్థం కాలేదు. ఖాదర్ తాళాలు తీసుకుని వెనకాలే పరిగెత్తాడు.

వర్క్‌షాపు మధ్యలో హాల్వర్ చర్చి నిలబడి ఉంది. రంగు వేయడం ఒక్కటే మిగిలింది. కృపానందం దాని కప్పు ఎత్తి కింద పెట్టాడు. బయటికి తెరుచుకునే రెక్కలు ఊడదీశాడు. బల్ల కింద దాచిన పాత రెక్కలు తీసి, ద్రాక్షతీగ ఉన్నవి, లోపలికి తెరుచుకునేలా బిగించాడు. ఎంతో అలవాటైన పని కాబట్టి చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి.

"చెయ్యి లోపల పెట్టు."

"ఏంది బావా ఇది? ఎవరి గుడి?"

"పెట్టరా."

పెద్దిరాజు కప్పులేని గుడిలోకి పైనుంచి చెయ్యి దించి, బెంచీల పక్కగా తలుపు దాకా పోనిచ్చాడు.

"ఇప్పుడు బయటికి తొయ్యి."

తోశాడు. రెక్క ద్వారబంధానికి ఆనుకుంది, కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా తోశాడు. "ఇది లోపలికి లాగాల కదా బావా" అన్నాడు.

"లాగు అయితే."

పెద్దిరాజు వేళ్ళు రెక్క అంచు పట్టుకోబోయాయి. సరిగ్గా అప్పుడే కృపానందం తన చెయ్యి కూడా లోపల పెట్టి, పెద్దిరాజు చేతిని వెనక నుంచి తలుపుకేసి అదిమాడు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అదిమాడు.

"ఇప్పుడు లాగు."

పెద్దిరాజు లాగలేకపోయాడు. బావ మొహం చూశాడు, చేతి వైపు చూశాడు. తలుపు మీద ఒత్తుకుపోయిన తన అరచెయ్యి చూశాడు. చిన్నపిల్లాడిలా గొల్లుమన్నాడు. "వదులు బావా, నొప్పెడతంది, వదులు." కృపానందానికి అది వినిపించలేదు. అతను ఎవరికో జవాబు చెబుతున్నట్టు, "చోటు లేదు, చోటు లేదు" అంటున్నాడు. ఖాదర్ వచ్చి అతని వేళ్ళు ఒక్కొక్కటీ పట్టి విడదీయాల్సి వచ్చింది.

కృపానందం రంపపు పొట్టులో కూలబడి అప్పుడు ఏడ్చాడు. ఇద్దరూ అతని చెరో పక్కా కూర్చున్నారు. ఏడుపు ఆగాక మొహం తుడుచుకుని, పెద్దిరాజుతో చెప్పాడు.

"పాస్టరు గారికి కబురు పెట్టు. ఆ తలుపులే పెట్టుకుంటే పెట్టుకోమను. బయటికి తెరుచుకునేట్టు పెట్టమను."

"ఎందుకని అడిగితే ఏం చెప్పను బావా?"

"నిజం చెప్పు. అందుకే నేనింక ఊరు రానని చెప్పు."